కొండ సగమే వచ్చింది

రామన్నపేట బస్టాండు ఎదురుగా ఉన్న నూర్ ఫోటో స్టూడియో మాది. మా మామ పీర్ మహమ్మద్ పెట్టిన దుకాణం. ఆయన పోయాక మా ఆయన మక్సూద్ చేతికి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో కొత్తగా పెళ్ళయిన జంట అయినా, పరీక్షకు ఫోటో కావలసిన పిల్ల అయినా మా స్టూడియోలో వెనక పరదా ముందు నిలబడవలసిందే. ఆ పరదా మీద ఒక మంచుకొండ, దాని కింద చెరువు, చెరువులో రెండు హంసలు. నల్లగొండ నుంచి వచ్చిన బోర్డుల పెయింటరు వేశాడు. మంచుకొండ దగ్గర ఏ చెట్లు ఉంటాయో అతనికీ తెలియదు, మాకూ తెలియదు. అందుకని ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు కూడా వేసి పోయాడు. ఇన్నేళ్ళలో దాని మీద ఎవరూ పేచీ పెట్టలేదు.

ఆ పరదాకు బూజు దులిపేది నేను. ఎలుక కొరికిన చోట మాటు వేసి కుట్టింది నేను. దాని ముందు ఒక్కసారి కూడా నిలబడనిది కూడా నేనే.

కారణం మా అత్త లాడ్లీ బేగం. స్టూడియో పెట్టిన కొత్తలో మా మామ సరదా పడి, కొత్త పెళ్ళికూతురైన ఆమె ఫోటోను పెద్దది చేయించి బయట అద్దాల పెట్టెలో పెట్టాడట. పక్కనే చాయ హోటలు. పనీపాటా లేనివాళ్ళు బెంచీ మీద కూర్చుని, చాయ తాగుతూ, ఆమె కళ్ళ గురించీ ముక్కు గురించీ మాట్లాడుకున్నారట. ఆ మాటలు ఊరంతా తిరిగి ఆమె చెవిలోనే పడ్డాయి. ఆమె ఏడ్చి ఏడ్చి ఆ ఫోటోను పొయ్యిలో వేసింది. మా ఇంటి ఆడవాళ్ళ మొహం ఇక ఏ ఫోటోలోనూ పడకూడదని భర్త చేత ఒట్టు పెట్టించుకుంది. కొడుకు కెమెరా పట్టిన రోజున అతని చేతా పెట్టించుకుంది.

మా ఆయన తల్లి మాట జవదాటడు. అలాంటి మనిషి దొరకడం అదృష్టమని మావాళ్ళంతా అనేవాళ్ళు. ఆ అదృష్టాన్ని ఏళ్ళ తరబడి మోసేది పెళ్ళామేనని ఎవరికీ తట్టదు.

నా పుట్టిల్లు మునుగోడు వైపు. మా బావినీళ్ళు చూడటానికి తేటగానే ఉండేవి. ఆ నీళ్ళే నా పళ్ళకు గోధుమరంగు చారలు వేశాయి, ఆ నీళ్ళే ఎముకల్లో దిగాయి. ముప్పై దాటేసరికి మెడ బిగుసుకుపోయింది, నడుము వంగడం మొదలుపెట్టింది. దవాఖానలో డాక్టరు చూసి, ఇది ఫ్లోరైడ్ జబ్బు, మందు లేదు, నీళ్ళు మార్చుకోమన్నాడు. నీళ్ళేమన్నా చీరనా మార్చుకోవడానికి! నిలబడితే నాకు ఎదుటివాళ్ళ చెప్పులు, చీర కుచ్చిళ్ళు కనిపిస్తాయి. మొహం చూడాలంటే వాళ్ళన్నా కింద కూర్చోవాలి, నేనన్నా మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. ఏడాదికేడాది ఇంకొంచెం వంగుతున్నాను. ఇంకొన్నేళ్ళు పోతే నా మొహం నా ఒడికి తప్ప ఇంకెవరికీ కనిపించదని నాకు తెలుసు.

అందుకే ఒక కోరిక పట్టుకుంది. కనిపించే రోజులుండగానే నా మొహం ఒక్క ఫోటోలో పడాలి. అందరిలాగే కొండ ముందు నిలబడి.

ఎనభై ఆరులో నార్వే దేశం నుంచి ఒక ఇంజనీరు మా జిల్లాకు వచ్చాడు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్‌ను తీసేసే పని మీద ఊరూరూ తిరిగేవాడు. పేరు స్వెర్రె. మావాళ్ళకు నోరు తిరగక సర్వర్ సాబ్ అన్నారు, అతనూ ఊఁ కొట్టాడు. రీళ్ళు కడిగించుకోవడానికి మా స్టూడియోకు వచ్చి మా ఆయనతో దోస్తీ కలిపాడు. తరువాత తన జీపులో మా ఆయనను ఊళ్ళకు తీసుకుపోయి, వంకర కాళ్ళ పిల్లల్నీ, వంగిన ముసలివాళ్ళనూ ఫోటోలు తీయించుకునేవాడు. ఊళ్ళు తిరిగి తిరిగి మా మాట కూడా నేర్చుకున్నాడు. మధ్యాహ్నం అయితే మా ఇంట్లోనే తిండి. నా బగారన్నం, ఖట్టీ దాల్ అంటే అతనికి ప్రాణం. ఒకరోజు పరదా ముందు నిలబడి పెద్దగా నవ్వాడు.

"అమీరున్నీసమ్మా, ఇది మా ఊరే. కొబ్బరిచెట్టు తీసేస్తే పక్కా మా ఊరే" అన్నాడు.

ఆ రోజు నుంచి నా కోరికకు ఒక జాగా దొరికింది.

పని ముగించుకుని అతను వెళ్ళిపోయాడు. ఎనభై తొమ్మిదిలో కబురు వచ్చింది. మా ఆయన తీసిన ఫోటోలన్నీ వాళ్ళ బెర్గెన్ పట్నంలో ఒక హాలులో పెడుతున్నారట. భార్యాభర్తలిద్దరూ రావాలట, ఫోటోలతో పాటు దేశం కూడా చూసిపోవాలట. రెండు విమానం టికెట్లు కూడా పంపాడు. నా బగారన్నం మహిమే అనుకున్నాను. మా ఆయన మాత్రం టికెట్లు చేతిలో పట్టుకుని, పిలవని చుట్టం ఇంటికి వచ్చినట్టు మొహం పెట్టాడు.

"నువ్వెందుకు? ఆడ మస్తు చలి. నడవాలె, ఎక్కాలె, దిగాలె. నీతోని కాదు" అన్నాడు.

"చలి నీకు పెట్టదా?"

"నా సంగతి వేరు."

ఇంక నాకు అర్థమైపోయింది అనుకున్నాను. తెల్లవాళ్ళ మధ్య ఈ గూని మనిషిని పక్కన పెట్టుకుని తిరగడానికి సిగ్గు. మాట పైకి అనలేదు గానీ ఆ రాత్రి రొట్టెలు కొంచెం మాడ్చే పెట్టాను. చివరికి తేల్చింది మా అత్త.

"దావత్ ఇద్దరికిచ్చిండు. ఒక్కడివి పోతే ఏం మంచిగుంటది? దుల్హన్‌ను తీస్కపో. పిల్లల్ని నేను చూసుకుంట" అంది.

"పాస్‌పోర్టుకు ఫోటో కావాలె అమ్మీ" అన్నాడు మా ఆయన, ఒట్టు గుర్తు చేస్తున్నట్టు.

"సర్కారు అడిగితే ఏం చేస్తం? గదొక్కటి తియ్" అంది ఆమె.

అలా నా జన్మలో మొదటి ఫోటో పాస్‌పోర్టు కోసం తీశారు. కుర్చీలో కూర్చోబెట్టి, లైట్లు వేసి, అందరికీ చెప్పినట్టే "తల జర పైకెత్తు" అన్నాడు మా ఆయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఎంత ఎత్తినా నా తల ఎత్తదు. చివరికి లోపలి నుంచి మంచం తెప్పించి, తెల్ల దుప్పటి పరిచి, వీపు కింద దిండ్లు పెట్టి నన్ను పడుకోబెట్టాడు. తను స్టూలు ఎక్కి పైనుంచి తీశాడు. ఊళ్ళలో ఎవరైనా పోతే చివరి ఫోటో కోసం ఆయననే పిలుస్తారు. ఆ ఫోటోలు కూడా ఇలాగే తీస్తాడు.

ఫోటో కడిగి చూపించాక నాకు కడుపు మండిపోయింది. "మయ్యత్ ఫోటో తీసినట్టు తీసినవ్. నాది ఇదొక్కటే ఫోటోనా ఇగ?" అన్నాను. ఆయన డార్క్‌రూములోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆగస్టులో బెర్గెన్‌లో దిగాము. హైదరాబాదులో కొన్న మగవాళ్ళ స్వెట్టరు చీర మీద తొడుక్కుని, జొన్నపిండి సంచీ, మామిడికాయ తొక్కు డబ్బా పట్టుకుని. వాన పడుతోంది. సర్వర్ సాబ్ వాళ్ళింటికి చేరాక కూడా పడుతోంది. తెల్లారి కూడా అదే వాన. మా దగ్గర వాన వస్తే పిల్లలు వాకిట్లోకి ఉరుకుతారు, ముసలివాళ్ళు మబ్బుకేసి చూస్తారు. అక్కడ ఎవరూ పట్టించుకోరు. కొడుకు రోజూ ఇంటికి వస్తే ఎవరు పలకరిస్తారు, అలా ఉంది వాళ్ళ వరస.

పట్నం ముద్దుగా ఉంది. ఓడల రేవు పక్కన వరసగా చెక్క ఇళ్ళు, ఎరుపువి, పసుపువి, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు. ఇదంతా నేను ఎలా చూశానని అడగొచ్చు. సర్వర్ సాబ్ భార్య ఆస్ట్రిడ్ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి వెనక్కి వాల్చేది. వాలి కూర్చుంటే నాకు మేడలూ, కొండ మీదికి పాకే చిన్న రైలూ అన్నీ కనిపించేవి. లేచి నిలబడితే మళ్ళీ నేల. ఆ నేల కూడా చూడదగినదే. దారి పొడవునా నున్నటి రాళ్ళు, రాళ్ళ సందుల్లో పచ్చటి నాచు, రోడ్డుకు రెండు వైపులా పారే నీళ్ళు. మావాళ్ళు ఒక బిందె కోసం తెల్లారకముందే వరసలో నిలబడే నీళ్ళు ఇక్కడ మోరీలోకి పోతుంటే, ఆపండని ఎవరికైనా చెప్పాలనిపించింది.

ఆస్ట్రిడ్‌కు తెలుగు రాదు, ఉర్దూ రాదు. నాకు ఆమె మాట రాదు. అయినా వాళ్ళ వంటింట్లో నేను జొన్నరొట్టెలు చేస్తే ఆమె నా పక్కన నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా మొహం చూసి నవ్వుతూ తినేది. నా మొహం చూడాలంటే ఎక్కడ కూర్చోవాలో మొదటి రోజే కనిపెట్టిన మనిషి ఆమె. మా ఆయనకు పెళ్ళయిన ఇన్నేళ్ళకూ తోచలేదు.

మా ఆయన సంగతి చెప్పాలి. సర్వర్ సాబ్ ఇచ్చిన చిన్న కెమెరా మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. కానీ ఆయనకు ఒక పట్టుదల ఉంది. మనిషి లేకుండా ఫోటో తీస్తే రీలు దండగ అంటాడు. మామ నేర్పిన పని అది. కొండ కనిపించినా, సముద్రం కనిపించినా, ముందు ఎవరినో ఒకరిని పట్టుకొచ్చి నిలబెట్టాలి. చేపలు అమ్మే మనిషిని ఓడల ముందు నిలబెట్టాడు. రైలు టికెట్లు చింపే ముసలాయనను కొండ కొమ్మున నిలబెట్టాడు. రెండు చేతులూ తొడలకు ఆనించి, కాళ్ళు దగ్గరగా పెట్టి, గడ్డం పైకి. సగం పట్నం ఆ మనుషుల టోపీల వెనక దాక్కుంది. సర్వర్ సాబ్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

నేను ప్రతిచోటా కొంగు సర్దుకుని సిద్ధంగా ఉన్నాను. ప్రతిచోటా ఆయన నా పక్కనుంచే నడిచిపోయి ఇంకొకరిని పిలుచుకొచ్చాడు. ఒకచోట ఎవరూ దొరకక, దూరంగా పోతున్న పోస్టుమన్‌ను చేతులు ఊపి పిలిచాడు. నేను మూరెడు దూరంలో ఉన్నాను. నన్ను సంచీ పట్టుకోమన్నాడు.

"నేను మనిషిని కానా?" అని అడిగేశాను.

"అమ్మీకి మాటిచ్చిన గద అమీరా" అన్నాడు. గొంతు మామూలుగా లేదు. సిగ్గుపడుతున్నాడనుకుని ఆ పూటంతా నేను మాట్లాడలేదు.

మర్నాడు హాలుకు తీసుకుపోయారు. పెద్ద గది, తెల్ల గోడలు, గొడుగులు ముడుచుకుని వచ్చిన జనం. మా ఆయనకు చప్పట్లు కొట్టారు. ఎవరో పూలు ఇచ్చారు. ఆయన ఆ పూలను కెమెరా సంచీలో కుక్కుతూ తలుపు వైపు చూస్తున్నాడు. నేను గోడ వెంట నెమ్మదిగా నడిచాను. ఫోటోలన్నీ పెద్దవి, దాదాపు నేల దాకా ఉన్నాయి. నాకు వాటి అడుగుభాగాలు కనిపిస్తున్నాయి. పిల్లల వంకర కాళ్ళు, బోరింగు దిమ్మ, మట్టి, కుండపెంకులు. మావాళ్ళ కాళ్ళను అంత దూరదేశంలో చూసేసరికి ఒక్కొక్క ఫోటో ముందూ ఆగి ఆగి నడిచాను.

గది చివర ఒక ఫోటో గోడంతా ఉంది. దాని అడుగున రెండు పాదాలు. ఎడమ కాలి హవాయి చెప్పుకు తెగిన పట్టీ పిన్నీసుతో కలిపి ఉంది. ఆ పిన్నీసు పెట్టింది నేను.

నిలబడిపోయాను. కాళ్ళు నావి, చెప్పులు నావి. వెనక్కి నడిచి, ఒక బెంచీ వెతుక్కుని, వాలి కూర్చుని పైదాకా చూశాను. ఒక ఆడమనిషి వీపు. చంకలో మా అమ్మ పెట్టిన సొట్టబిందె. వంగిపోయిన నడుము, నడుము మీద మాటు వేసిన నా నీలం చీర. తల లేదు. వీపు అంతగా వంగింది కాబట్టి వెనకనుంచి చూస్తే తల కనిపించదు. ఆ నడుము బయటికి ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. నా వీపును నేను చూసుకున్నది అదే మొదటిసారి, అంత దూరం పోయి, అంతమంది పరాయివాళ్ళ మధ్య.

సర్వర్ సాబ్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"మీ ఫోటోనే అమ్మా అందరికంటె పెద్దది. ఇది నేను ముందుగాల చూపిచ్చినంకనే మా ఊరోళ్ళు నీళ్ళ పనికి సాయం చేసిన్రు. మీ పుట్టింటి ఊరికి మంచినీళ్ళు వచ్చినయంటే దీంతోనే. అందుకే మీరు తప్పకుండ రావాలన్న" అన్నాడు. నాకు ముందే తెలుసనే అనుకున్నాడు పాపం.

"కింద ఏం రాసిన్రు?"

"నల్లగొండ జిల్లా మహిళ అని."

"పేరు లేదా?"

అతను నా మొహంలోకి చూశాడు. తరువాత మా ఆయన వైపు చూశాడు. ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

నేను లేచి బయటికి నడిచాను. తలుపు దగ్గర చూరు కింద నిలబడ్డాను. మా పుట్టింటి ఊరికి మంచినీళ్ళు నా ఫోటోతోనే వచ్చాయన్న సంతోషం ఉంది, లేదని అనను. నా తమ్ముడి పిల్లల నడుములు నిటారుగా ఉంటాయి. ఆ సంతోషం ఒక పక్క ఉండగానే ఇంకో పక్క ఒళ్ళంతా మంట. కాసేపటికి మా ఆయన బూట్లు వచ్చి నా ముందు ఆగాయి. వాటి మీద వాన చుక్కలు పడుతున్నాయి.

"ఎప్పుడు తీసినవ్?"

"సర్వర్ సాబ్ ఉన్నప్పుడే. నువ్వు నీళ్ళకు పోతున్నవ్. తలుపుల నిలబడి తీసిన."

"నన్ను అడగాలనిపియ్యలేదా?"

బూట్లు కదిలాయి. "అడిగితె వద్దంటవనుకున్న. అమ్మీ మాట కూడ తప్పొద్దు. మొహం పడొద్దన్నది గద. అందుకే వెనక నుంచి తీసిన. మొహం రాలే. ఒట్టు తప్పలేదు అనుకున్న."

ఆయన మాటలు నాకు ఒక్క క్షణం ఎక్కలేదు. ఎక్కాక నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. వంగిన వీపును పరాయి దేశానికి చూపించొచ్చు, మొహం మాత్రం దాచాలి. దాన్ని ఒట్టు నిలబెట్టుకోవడం అనుకున్నాడు. ఆయన కావాలని చేసిన మోసం అయితే తిట్టి ఊరుకునేదాన్ని. నిజంగా అలాగే నమ్మాడు.

"గందుకేనా నన్ను తీస్కరానన్నవ్?"

"ఊఁ. నువ్వు చూస్తె ఎట్లని ఫికర్."

"నా గూనికి సిగ్గుపడుతున్నవనుకున్న."

"తౌబా! సిగ్గు నా మీద నాకు" అన్నాడు. వాన తగ్గేదాకా ఆ బూట్లు అక్కడే తడుస్తూ నిలబడ్డాయి. చూరు కిందికి జరగమని నేను చెప్పలేదు.

మర్నాడు సర్వర్ సాబ్ పుట్టిన ఊరు బయలుదేరాము. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. దారి పొడవునా ప్రతి మలుపులో కొండల మీద నుంచి నీళ్ళు దూకుతున్నాయి. ఎక్కడా ఎవరూ బిందె పట్టుకుని లేరు. కారు దిగేసరికి వాన వెలిసి ఎండ పొడ వచ్చింది. ఆస్ట్రిడ్ నా చెయ్యి పట్టుకుని నీటి దగ్గరికి తీసుకుపోయింది. నేను కిందికే చూస్తూ నడిచాను. నీళ్ళ అంచుకు వచ్చి ఆగాను. ఆగి అలా నిలబడిపోయాను.

కొండంతా నీళ్ళలో ఉంది. కొన మీద మంచు, నడుమ నల్లటి రాయి, కింద పచ్చటి తోటలు, అన్నీ తలకిందులుగా, ఒక్క ముక్క తప్పకుండా. మిగతావాళ్ళు తలలు పైకెత్తి కొండను చూస్తున్నారు. నేను తల దించే మొత్తం కొండను చూశాను. ఇంత పెద్ద దేశం నా ఎత్తుకు దిగివచ్చిందని అనిపించి, నాకు తెలియకుండానే "సుబ్హానల్లా" అన్నాను.

పక్కన ఒక వాగు గులకరాళ్ళ మీద నుంచి సముద్రంలోకి పోతోంది. సర్వర్ సాబ్ తాగొచ్చన్నాడు. నేను చెయ్యి చాచి దోసిలి పట్టాను. పెద్దగా వంగక్కరలేకపోయింది, ఆ ఒక్క పనికి నా నడుము పనికొచ్చింది. నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. చిన్నప్పుడు ఈ నీళ్ళు దొరికి ఉంటే అన్న మాట మనసులోకి వచ్చింది. ఏడ్చాను. ఆస్ట్రిడ్ తన రుమాలు ఇచ్చింది.

మా ఆయన దూరంగా నిలబడి ఉన్నాడు. ఆ పొద్దున ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఎవరినీ పిలవలేదు. కొండ ముందు మనిషి కోసం వెతకడం కూడా మానేశాడు.

"మక్సూద్" అన్నాను. పెళ్ళయిన తరువాత ఆయనను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. బూట్లు గబగబా వచ్చాయి.

"నన్ను తియ్."

"అమ్మీ..."

"అమ్మీకి నేను చెప్పుకుంట. చాయ హోటలోళ్ళు మొహం మీద మాట్లాడిన్రని ఆమె గంత ఏడ్చింది. నా వీపు మీద ఎంతమంది మాట్లాడిన్రో నాకేం ఎరుక? నా వీపు చూసినోళ్ళందరికి నా మొహం కూడ చూపియ్యాలె. లేకుంటె నేను ఈడికెల్లి కదల."

ఆయన కెమెరా పక్కకు జరుపుకున్నాడు. నన్ను భుజం పట్టి నీటికి వీపు పెట్టించి నిలబెట్టాడు. కొంగు సర్దాడు. స్వెట్టరు గుండీ ఒకటి పెట్టి, వెనక్కి నాలుగడుగులు వేశాడు. నేను కొంగు పట్టుకుని గులకరాళ్ళను చూస్తూ నిలబడ్డాను.

"తల జర..." అని ఆగిపోయాడు.

బూట్లు ముందుకు వచ్చాయి. మళ్ళీ వెనక్కి పోయాయి. స్టూడియోలో ఎంతమంది తలలు ఎత్తించాడో, ఎంతమంది గడ్డాలు వేలితో సరిచేశాడో, ఆ మనిషికి ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు. మంచం కోసం, స్టూలు కోసం వెతుకుతున్నాడేమోనని నాకు భయం వేసింది. ఇంకొకసారి నన్ను పడుకోమంటే ఆ సముద్రంలోనే దూకుదామనుకున్నాను.

అప్పుడు ఆయన మోకాళ్ళు తడి గడ్డిలో ఆనాయి. తరువాత చేతులు. తరువాత, హైదరాబాదులో కొత్తగా కుట్టించుకున్న కోటుతోనే, బోర్లా పడుకున్నాడు. మోచేతుల మీద పాకుతూ ముందుకు వచ్చాడు. కెమెరా దించాడు. నా కళ్ళ ఎదురుగా ఆయన మొహం కనిపించింది.

కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఇంత దగ్గరగా చూడక ఆ సంగతి నాకు తెలియలేదు. కళ్ళ కింద నల్లటి గీతలు పడ్డాయి. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఎన్నేండ్లాయె నీ మొహం గిట్ల ఎదురుంగ చూసి" అన్నాడు.

"కింద కూసుంటె రోజూ కనిపించేది."

"తెల్వలే అమీరా. మాఫ్ చెయ్." కెమెరా కంటికి పెట్టుకున్నాడు. "జర నవ్వు."

"పళ్ళు కనిపిస్తయి."

"కనిపియ్యనీ."

నవ్వాను. కెమెరా చప్పుడైంది. ఆయన వెంటనే లేవలేదు. ఇంకా ఒకటి, ఇంకా ఒకటి అంటూ ఆ తడిలోనే పడి ఉన్నాడు. సర్వర్ సాబ్, ఆస్ట్రిడ్ ఏమనుకుంటారో అని కూడా చూసుకోలేదు.

ఇంటికి వచ్చి రీలు కడిగాక మా ఆయన నాలుక చప్పరించాడు. "అంత దూరం పోయినం. కొండ సగమే వచ్చింది" అన్నాడు. నిజమే. కింద నుంచి తీయడంతో మిగతా సగం నా భుజం వెనక పోయింది. నా మొహం మాత్రం మొత్తం ఉంది, చారల పళ్ళతో సహా. సగం కొండ చాలన్నాను. ఒక కాపీ బెర్గెన్‌కు పంపించాడు. సర్వర్ సాబ్ దాన్ని ఆ వీపు ఫోటో పక్కనే పెట్టించి, కింద నా పేరూ ఊరూ రాయించాడు.

మా అత్తకు నేనే చూపించాను. ఒట్టు తప్పించింది నేనే, ఏమనాలన్నా నన్నే అనమన్నాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. పొయ్యిలో వేస్తుందేమోనని నేను చెయ్యి చాచి సిద్ధంగా ఉన్నాను.

"నా ఫోటో కూడ మంచిగనే ఉండె. ఉంచుకోవాల్సింది" అంది. ఆ ఫోటోను తన పాన్‌దాన్ అడుగున పెట్టుకుంది. ఎన్నిసార్లు అడిగినా తిరిగి ఇవ్వలేదు.

మా వైపు నడుములు వంగినవాళ్ళకు కొదవ లేదు. పింఛను కాగితం కోసమో, మనవడి పెళ్ళికో ఎవరో ఒకరు ఫోటోకు వస్తూనే ఉంటారు. ఇదివరకు వాళ్ళను మంచం మీద పడుకోబెట్టేవాడు, లేదా మెడ పట్టి సరిచేసేవాడు. ఇప్పుడు స్టూడియోలో ఆ కొబ్బరిచెట్టు పరదా ఎదురుగా నేల మీద ఒక గోనెపట్టా పరిచి ఉంటుంది. తల ఎత్తమని మా ఆయన ఎవరినీ అనడు. ముందు ఆ పట్టా మీద పడుకుంటాడు, వాళ్ళ మొహం కనిపించాకే కెమెరా తీస్తాడు.